అల్లుడి ముందస్తు విడుదల

తిరుపతి, సోమవారం

నగరి వరదయ్య మామగారికి, పలమనేరు ధనశేఖర్ నమస్కారాలు.

నిశ్చితార్థం తర్వాత మీరు చాలాసార్లు ఫోన్ చేశారు. నేను ఎత్తాను మామా. మీ మాటలన్నీ నాకు వినిపించాయి, నా మాటలే మీకు వినిపించలేదు. "ఈ పిల్లోడు మూగోడా ఏంది మునెమ్మా?" అని మీరు అత్తతో అన్నది కూడా వినిపించింది. ఇంకొకరి ఫోన్ అడుక్కుని మామగారితో మాట్లాడటం బాగోదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెళ్ళిచూపుల రోజు 'కంప్యూటర్ పని' అని ఊరుకున్నాను గానీ, నా పని వేరు. మన సంగతులు ఎవరికీ చేరవేయకుండా గుట్టుగా ఉంచే సిస్టమ్ ఒకటి మా ఆఫీసులో తయారవుతోంది. జనానికి ఇవ్వకముందే దాన్ని కొత్త ఫోన్లలో వేసుకుని మేం వాడి చూస్తాం. నేనిప్పుడు ముందస్తు విడుదల మీద ఉన్నాను. ఈ ఇబ్బంది దానివల్లే.

ఇంకో మాట. కాఫీ ఇచ్చేటప్పుడు రూపశ్రీ తల ఎత్తలేదు. "మా పిల్లకు ఇష్టమే" అని మీరే అన్నారు. మా ఫోనే కెమెరా తెరవాలన్నా నా అనుమతి అడుగుతుంది. తనను ఎవరైనా అడిగారా మామా? ఒక్కసారి అడగండి. వద్దంటే నేనేమీ అనుకోను. బాధపడతాను, అంతే.

మీ ధనశేఖర్

తా.క. నా పని సంగతి ఊళ్ళో చెప్పకండి. బయట చెప్పనని మాతో సంతకం పెట్టించుకున్నారు.

*

నగరి, గురువారం

చిరంజీవి ధనశేఖర్‌కు వరదయ్య ఆశీస్సులు. ఈడ మేమూ మగ్గాలూ బాగుండాం.

నీ ఉత్తరం అన్నం ముందర చదివినా. చదివినాక అన్నం దిగలేదు. అయినా దాచకుండా రాసినావు, అది నాకు నచ్చింది. ముందస్తు విడుదల అందరికీ ఇయ్యరంట కదా, నడవడిక చూసి ఇస్తారంట. స్వాతంత్ర్య దినం నాడు కూడా ఇస్తారని పేపర్లో చదివినా. అంటే నువ్వు మంచోడివేనని మునెమ్మకు చెప్పినా. ఆయమ్మ ఇంకా నమ్మలేదు.

ఇదే మొదటి విడుదలా, ఇంతకుముందు కూడా ఉండాయా? పూర్తి విడుదల ఎప్పుడు? ఫోన్ల పని ఆడనే నేర్పిచ్చినారా? తిండి సరిగ్గా పెడతా ఉండారా? తండ్రి లాంటోన్ని అనుకోని చెప్పు.

మీ మామ వరదయ్య

తా.క. మునెమ్మ అడగమంటా ఉండాది: తాళి కట్టేదానికి నిన్ను ఒక్కడినే పంపిస్తారా, ఎవురన్నా తోడొస్తారా?

*

తిరుపతి, సోమవారం

మామగారికి నమస్కారాలు.

నా పని గురించి మీరింత శ్రద్ధగా అడుగుతారనుకోలేదు. మా ఇంట్లోవాళ్ళు కూడా ఇన్ని అడగలేదు.

మొదటిది కాదు మామా, ఇది ఏడో విడుదల. వదిలిన రెండు రోజులకే ఏదో ఒక తప్పు బయటపడుతుంది, వెంటనే వెనక్కి తీసుకుంటారు. పూర్తి విడుదల దసరాకి అంటున్నారు, నాకైతే నమ్మకం లేదు. పని ఇక్కడే నేర్పించారు. తిండికి లోటు లేదు, బుధవారం గుడ్డు కూడా పెడతారు. పెళ్ళికి తప్పకుండా పంపిస్తారు. మా పైఆయన, ఇంకో ఇద్దరు వెంట వస్తారని అత్తకు చెప్పండి.

తప్పులు నావి కావు. మాతో ఉండేవాళ్ళు చేస్తారు. నేను కనిపెట్టి పైవాళ్ళకు చెబుతాను. అందుకే నామీద వాళ్ళకు గురి.

రూపశ్రీని అడిగారా? మీరు ఆ మాటే రాయలేదు. నేను ఆ జవాబు కోసమే చూస్తున్నాను మామా.

మీ ధనశేఖర్

తా.క. ఈసారి పేరు పక్కన నా నంబరు కూడా వేయండి, టి-46. ఇక్కడ పేర్లు చెబితే ఎవరూ గుర్తుపట్టరు.

*

నగరి, గురువారం

టి-46 ధనశేఖర్‌కు వరదయ్య ఆశీస్సులు.

ఏడుసార్లా నాయనా! మునెమ్మ విని గోడకు ఆనుకోని కూర్చునేసింది.

మా బామ్మర్ది మురుగేష్‌ను తిరుపతికి పంపినా. గేటు కాడ కాపలా అంట. లోపలికి పోయేవాళ్ళ ఫోన్లు పెట్టెలో పెట్టిచ్చుకుంటారంట. వేలిముద్ర ఏస్తేనే తలుపు తెరుచుకుంటాదంట. నువ్వు పొద్దున లోపలికి పోయి, సాయంత్రం తల ఒంచుకోని వచ్చినావంట. "పగలంతా జైలు, రాత్రికి ఇల్లు, ఇదేదో కొత్త రకం బావా" అని మురుగేష్ కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇంక దాచేదేముండాది. ఏం తప్పు చేసి జైలుకు పోయినావో నేను అడగను. అయితే తోటివాళ్ళ మీద చాడీలు చెప్పి బయటపడే బుద్ధి మానుకో అబ్బయ్యా, అది మంచిది కాదు. పెండ్లయినాక నగరికి వచ్చేయ్. రెండు మగ్గాలు నీకే ఇస్తా. మగ్గాల చప్పుడులో నిన్ను ఎవురూ ఏమీ అడగరు. అడిగినా నీకు వినపడదు.

రూపశ్రీ శ్రీ సిటీలో ఫ్యాక్టరీ హాస్టల్ నుంచి ఆదివారం వస్తాది. దానికి అంతా చెప్తా. వద్దంటే మాత్రం బలవంతం చెయ్యను.

మీ మామ వరదయ్య

తా.క. గుడ్డు బుధవారం ఒక్కటేనా అని మునెమ్మ బాధపడింది. చింతతొక్కు పంపిస్తా ఉండాది. లోపలికి రానిస్తారా?

*

తిరుపతి, శనివారం

మామా! జైలేంటి మామా!

విడుదలైంది నేను కాదు, ఫోన్లో ఉండే సిస్టమ్! సినిమా విడుదలైందంటే హీరో జైల్లోంచి వచ్చాడనుకుంటామా? తప్పులంటే ఫోన్లో వచ్చే తప్పులు. చాడీలు చెప్పడమే నా ఉద్యోగం, దానికే జీతమిస్తారు. మా పైఆయన పోలీసు కాదు, మేనేజరు. పెళ్ళికి భోంచేయడానికి వస్తున్నాడు.

మీ కాళ్ళకు మొక్కుతాను, రూపశ్రీకి ఇదేమీ చెప్పకండి. నేనే బయల్దేరి వచ్చేవాణ్ణి. కానీ వద్దనాలని తనకుంటే, నా మొహం చూసి అనలేకపోవచ్చు. అందుకే రావడం లేదు. తను నాకు చాలా నచ్చింది మామా. ఈ మాట మీకు రాయాల్సింది కాదు, అయినా రాసేశాను.

మీ ధనశేఖర్ (నంబరు వద్దు)

తా.క. చింతతొక్కు అందింది. కాపలా ఆయన అన్నంలో కలుపుకుని రుచి చూశాకే లోపలికి వదిలాడు.

*

నగరి, మంగళవారం

చిరంజీవి అల్లుడికి వరదయ్య, మునెమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఆదివారమే రూపశ్రీకి అంతా చెప్పేసినా. జైలు, ఏడుసార్లు, చాడీలు, ఒక్కటి కూడా వదల్లేదు. చెప్పి, "నీకు ఇష్టమేనా తల్లీ, వద్దంటే ఇప్పుడే ఆపేస్తా" అని అడిగినా. దానికి అది, "నన్ను ఇంతవరకు ఇట్లా అడగలేదే, ఇప్పుడెందుకు అడుగుతా ఉండావు నాయనా?" అనింది. "ఆ పిల్లోడే అడగమని రాసినాడు" అన్నా.

"అయితే చేసుకుంటా" అనింది.

మునెమ్మ నెత్తి కొట్టుకునింది. అప్పుడు రూపశ్రీ ఏమనిందో తెలుసునా? "నన్ను చూసేదానికి ఎంతోమంది వచ్చినారు. పిల్లను అడగల్ల అన్నోడు ఈయన ఒక్కడే. ఇది జైల్లో నేర్పిచ్చింటే, మిగతావాళ్ళను కూడా ఒక ఏడాది పంపిచ్చండి" అనింది!

నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. తర్వాత నీ ఉత్తరాలు తెమ్మని చదివింది. అది పనిచేసేది ఫోన్ల ఫ్యాక్టరీలోనే కదా, మొదటి ఉత్తరం సగంలోనే పకపకా నవ్వి, విడుదలంటే ఏందో మాకు చెప్పింది. నీ పైఆయనకు కూడా ఒక ఆకు ఎక్కువ ఏస్తాం, రమ్మను.

మీ మామ వరదయ్య

తా.క. ఈ కవర్లో ఇంకొక కాగితం ఉండాది. రూపశ్రీ డ్యూటీకి పోయే ముందర మడిచి, అంటించి ఇచ్చింది. నేను విప్పలేదు. మునెమ్మ వెలుగుకు ఎత్తిపట్టి చూస్తా ఉంటే లాక్కున్నా. "ఏం రాసిందో కన్నతల్లికి తెలియకూడదా?" అని మూతి ముడుచుకోనుండాది. తెలియకూడదని చెప్పి, కవరుకు జిగురు రెండుసార్లు పూసినా.