మల్లికకు ఎనిమిదో నెల

సెప్టెంబర్ 23, శుక్రవారం
ఆడగుర్రం మల్లిక ఈసుకుపోయింది, కడుపు నిలవలేదు. ఎనిమిదో నెల.
పొద్దున్నే గుర్రపు స్వారీ క్లబ్బు మేనేజరు శ్రీధర్ ఫోను, డాక్టర్ మేడం వెంటనే రావాలని. తెలంగాణ కోసం సమ్మె, బస్సుల్లేవు. మణికొండ నుంచి స్కూటీ మీద గచ్చిబౌలి చేరేసరికి పిల్ల గడ్డి మీద పడి ఉంది. ఒంటి మీద ఇంకా వెంట్రుకలు కూడా రాలేదు. మల్లిక దాన్ని నాకుతూనే ఉంది...
యాదయ్య మల్లిక మెడ పట్టుకొని నిలబడ్డాడు. ఆరేళ్లుగా ఈ గుర్రాలను సాకుతున్న మనిషి.
శ్రీధర్ అతన్నే చూపించాడు — "జై తెలంగాణ అనుకుంట రోడ్ల మీద తిరిగిండు మేడం. నిన్న నీళ్లు పెట్టలే. అందుకే గిట్లయింది."

అదే రోజు, సాయంత్రం
పిల్లతో పాటు పడిన మాయను పరిచి చూశాను. గర్భాశయ ముఖద్వారానికి ఆనుకునే చోట మందంగా, గోధుమ రంగులో, జిగటగా. ఒక పూట దాహంతో అయ్యేది కాదిది. బాక్టీరియా. కింది నుంచి లోపలికి పాకింది. వారాల నుంచి తింటూ వచ్చింది.
సర్కారు ల్యాబ్ మూసి ఉంది, సమ్మె. శాంపిల్ ఐసు డబ్బాలో పెట్టుకొని ప్రైవేటు ల్యాబ్‌కు నేనే వెళ్లాను.

సెప్టెంబర్ 24
యాదయ్యను పనిలోంచి తీసేశారు. ల్యాబ్ ఫలితం రాకముందే!

సెప్టెంబర్ 25, ఆదివారం
హఫీజ్‌పేట్‌లో యాదయ్య ఇంటికి వెళ్లాను.
"పదిరోజుల కిందనే చెప్పిన మేడం. పొదుగు అప్పుడే దిగుతుంది, తోక కింద చీము అంటుతుంది అని. నువ్వేమన్న డాక్టరువా అన్నడు శ్రీధర్ సారు."
నాకెందుకు ఫోను చేయలేదన్నాను.
"మేడంకు చెప్తే నౌకరీ పోతదన్నడు."
ఇప్పుడు మాత్రం మిగిలిందా నౌకరీ, అనుకున్నాను.
"ఒక్క పూట పోయిన రాస్తారోకోకు. దాణా, నీళ్లు పెట్టినంకనే పోయిన. అది తప్పా మేడం?"
అప్పుడే చెప్పి ఉంటే మందులు మొదలుపెట్టేదాన్ని. పిల్ల నిలిచేదేమో. చెప్పినవాడి నోరు మూయించి, తర్వాత వాడినే దోషిని చేశారు.
జూలైలో శ్రీధర్‌కు రాసిచ్చాను కదా — మల్లికకూ, చూలుతో ఉన్న ఇంకో గుర్రం బిజిలీకీ వయసు మీద పడి యోని సరిగా మూసుకోవడం లేదు, లద్ది లోపలికి పోతుంది, పై భాగం కుట్టేయాలి అని. "కొనేటోళ్లు చూడనీకి వస్తున్నరు మేడం. కుట్లు కనవడితే ఏం బాగుంటది?" అన్నాడు శ్రీధర్.
ఊరుకున్నాను. నేనెందుకు ఊరుకున్నాను?

సెప్టెంబర్ 28
ల్యాబ్ రిపోర్టు వచ్చింది. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా. మాయలోనూ, పిల్ల కడుపులోనూ అదే. జూలైలో నేనూ, తర్వాత యాదయ్యా మేనేజరుకు ముందే చెప్పామని కూడా నా రిపోర్టులో రాసి క్లబ్బుకు పంపాను.

సెప్టెంబర్ 29
బిజిలీ. ఏడో నెల. పొదుగు దిగుతోంది. తోక కింద తడి. అయ్యో దేవుడా... మందు మొదలుపెట్టాను. రోజుకు రెండు మోతాదులు: పొద్దుటిది నేను, సాయంత్రానిది క్లబ్బు పనివాళ్లు. ఒక్క పూట కూడా తప్పకూడదు.

సెప్టెంబర్ 30
క్లబ్బు యజమాని పిలిచారు. ఏసీ గది, కాఫీ, మెత్తటి మాట.
"రిపోర్టు బాగా రాశారండి. మేనేజరుకు ముందే చెప్పామన్న ఆ ఒక్క పేరా తీసేయండి. మిగతాదంతా అలాగే ఉంచండి. యాదయ్యకు ఇంకోచోట పని చూద్దాంలెండి."
తీయనన్నాను. యాదయ్యను వెనక్కి పిలిచి, తప్పు అతనిది కాదని అందరి ముందు చెప్పమన్నాను.
కాఫీ కప్పు పక్కకు జరిపారు. "మీకు ఆవేశం ఎక్కువండి."
ఆవేశమట!

అక్టోబర్ 1
యాదయ్యకు రిపోర్టు తెలుగులో చదివి వినిపించాను.
"అండ్ల నా పేరుందా?"
ఉంది. జబ్బు లక్షణాలు అందరికంటే ముందు గుర్తుపట్టింది యాదయ్యే అని.
"జర ఇంకోసారి చదవుండ్రి మేడం." భార్యను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

అక్టోబర్ 3, సోమవారం
గేటు దగ్గరే ఆపేశారు. "లోపలికి పంపొద్దన్నరు మేడం. కొత్త డాక్టర్ సాబ్ వస్తడట." ఎప్పుడని అడిగితే వాచ్‌మన్‌కు తెలియదు. బిజిలీ మందు ఎవరు వేస్తున్నారంటే అదీ తెలియదు. శ్రీధర్ ఫోను ఎత్తడం లేదు.
మందుల సంచి వాచ్‌మన్ చేతికిచ్చి, మోతాదు చీటీ మీద రాసి, మూడుసార్లు చెప్పి వచ్చాను. తల ఊపాడు.
నిన్న సాయంత్రం మోతాదు పడిందా? ఈ పొద్దుటిది?