మా అత్తగారు వేలిముద్ర వేయరు

ఎవరూ అడగని డిపాజిట్ల విభాగం అధికారి గారికి,

మా అత్తగారు బట్టలు కుట్టి దాచుకున్న పద్దెనిమిది వేల నాలుగు వందలు మీ దగ్గర ఉన్నాయి. మీ జాబితాలో ఆవిడ పేరు కనబడినప్పటి నుంచి మీ ఆఫీసుకు ఐదుసార్లు వచ్చాను. వచ్చిన ప్రతిసారీ కొత్త కాగితం అడిగారు, తెచ్చాను. అసలు అభ్యంతరం మూడో కౌంటర్ గుమాస్తా గారు మొన్న చెప్పారు. ఖాతా తెరిచినప్పటి పాత కార్డు మీద వేలిముద్ర ఉందట, దరఖాస్తు మీదేమో సంతకం ఉందట.

ఉంటుంది మరి. ఆవిడ యాభై ఆరో ఏట, నేను వంట చేస్తుంటే పక్కన పలక పెట్టుకుని అక్షరాలు నేర్చుకున్నారు.

"ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా? పెద్దావిడ చేత వేలిముద్ర వేయించుకు రండి, చిటికెలో పనైపోతుంది" అని గుమాస్తా గారు నవ్వారు.

ఇంటికొచ్చి చెప్పాను. "ఆ డబ్బు వాళ్లనే ఉంచుకోమనవే అమ్మాయ్. అంత సరదాగా ఉంటే ఆయన్నే వేసుకోమను వేలిముద్ర" అన్నారు ఆవిడ.

ఆ డబ్బు ఆవిడ కంటి ఆపరేషన్‌కి కావాలండీ. చదువు రాని రోజుల్లో తీసుకున్న సొమ్మును చదువు వచ్చిందని ఇవ్వరా?

శుక్రవారం పదకొండు గంటలకు ఆవిడనే తీసుకొస్తున్నాను. మీ ఎదుటే సంతకం చేస్తారు, సాక్షిగా మీరు చేయండి. ఒక కుర్చీ వేయించండి. పేరు మొత్తం రాయడానికి ఆవిడకు కాస్త సమయం పడుతుంది. అంతవరకు ఎవరూ తొందర పెట్టకూడదు.

ఇట్లు,
ఆవిడ పెద్ద కోడలు