అందరూ 'బాగుంది' అని రాసిన కాగితాలు

ఆగస్టు, మంగళవారం రాత్రి

ఈరోజు పటాన్‌చెరు పంపుల ఫ్యాక్టరీలో నా పరిశోధన సగం కూలిపోయింది. అయినా మనసు తేలిగ్గానే ఉంది.

నాణ్యత గురించి కార్మికులు నింపిన ప్రశ్నపత్రాలన్నీ ఒకేలా ఉన్నాయి. యంత్రాలు బాగున్నాయి, శిక్షణ బాగుంది. మరి కొన్నవాళ్ల దగ్గర నుంచి అన్నేసి పంపులు ఎందుకు వెనక్కి వస్తున్నాయి? వాషర్లు బిగించే యాదమ్మను అడిగాను.

"మేడం, కాగితం మీద పేరు రాయమన్నరు గద! ఉన్నది రాస్తే రేపు సూపర్‌వైజర్ మమ్మల్నే పట్టుకుంటడు. అందుకే అందరం మంచిగున్నదనే రాసినం."

పేరు రాయమన్నది నేనే. సిగ్గేసింది. పెన్ను సంచిలో పెట్టేసి, "ఊరికే చెప్పు యాదమ్మా" అన్నాను.

ఆమె ఒక రబ్బరు వాషర్ తీసి వంచింది. అది పుటుక్కున పగిలింది.

"కొత్త మాలు గిట్లనే వస్తున్నది. నీళ్లు కారకుంటే ఏంజేస్తయ్? ఇన్ని దినాలల్ల ఎవ్వలూ అడగలే."

మేనేజర్‌కు వాషర్ల సంగతి చెప్పాను. "ఎవరు చెప్పారు?" అన్నాడాయన.

"అందరూ" అన్నాను.

ఆయన స్టోర్ నుంచి వాషర్ల డబ్బా తెప్పించి ఒక్కొక్కటీ తనే వంచి చూశాడు. నాలుగోది కూడా పగలగానే ఫోను అందుకుని, సరుకు పంపినవాళ్లను పిలిపించమన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో ఒక విషయం తట్టింది. నేను పాఠాలు చెప్పే సంగారెడ్డి పాలిటెక్నిక్‌లో విద్యార్థుల చేత కూడా అభిప్రాయాలు పేర్లతోనే రాయించాను. నా పాఠం చాలా బాగుందని అందరూ రాశారు. వాటిని నా పరిశోధన గైడ్‌కు ఎంత గర్వంగా చూపించానో...

రేపు మొదటి పీరియడ్‌లోనే పేర్లు అక్కర్లేదని చెప్పి కాగితాలు పంచుతాను. వాళ్లు రాసేదాకా వరండాలో నిల్చుంటాను.