టేకు చేప కడుపు

నా సూ-లియెన్ అక్కకి,

బిడ్డ దక్కలేదని మా అత్త నీకు ఫోన్లో చెప్పే ఉంటుంది. ఎందుకు దక్కలేదో ఆవిడ చెప్పిన కారణం మాత్రం నమ్మకు. నెల తిరిగేదాకా నేను గడప దాటకూడదట, కిటికీ తెరవకూడదట, తల తడపకూడదట. గది నిండా నువ్వుల నూనె, అల్లం, సారా వాసన. ఫోను ఆవిడ కుర్చీ పక్కనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం రాసి పక్కింటావిడ చేతికిస్తున్నాను. ఊపిరాడడం లేదక్కా.

కోడి పులుసు తెచ్చిన ప్రతిసారీ అదే మాట. "కడుపుతో ఉండి కత్తి పట్టావు. పిల్లలున్న టేకు చేపను కోశావు. కడుపు కాచే దేవుడు ఊరుకుంటాడా? తిను, చల్లారిపోతుంది."

కోసిన మాట నిజమే. నీకు మా తాషీ రేవు సంగతులు తెలియవు కనుక చెబుతున్నాను. రొయ్యల వలలో అప్పుడప్పుడు చేటలా వెడల్పుగా ఉండే నల్ల టేకు చేప పడుతుంది. ఎండ చేరని లోతులో, బురద మీద బతుకుతుంది. మెత్తటి ముక్కుతో బురద కెలికి రొయ్యల్నీ పీతల్నీ తింటుంది. పొట్ట తెల్లన, తోక మీద విషపు ముల్లు. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. వలలో పైకి లాగేస్తుంటే ఆ బాధకి నెలలు నిండని పిల్లల్ని వదిలేస్తుంది. నేను కోసేసరికి దాని కడుపులో పిల్లల్లేవు. అవి బోటు మీదే జారిపోయాయి. మా ఆయన కిమ్-హాయ్ వాటిని సముద్రంలో పడేశాడు. రేవులో ఆ మాట తనే నాతో అన్నాడు. ఇప్పుడు తల్లి నన్ను ఆడిపోసుకుంటుంటే తల వంచుకుని అన్నం తింటున్నాడు.

అతను నోరు విప్పితే ఇక్కడే ఉంటాను. లేకపోతే వచ్చేస్తాను. రానిస్తావా?

నీ బీ-లియెన్

*

అక్కా,

రమ్మని నువ్వు రాసింది అందింది. నిన్న కిమ్-హాయ్ నోరు విప్పాడు. గోడ ఇవతల నుంచి అంతా విన్నాను.

"అమ్మా, కత్తి పెట్టకముందే అది పిల్లల్ని వదిలేసింది. నా కాళ్ళ దగ్గరే పడ్డాయి. దాన్ని పైకి లాగింది నా వల."

సంతోషంతో ఏడ్చాను. అత్త గొంతు తగ్గించింది.

"ఈ మాట బయట అనకు. బోటుకి దోషముందంటే నీ వెంట సముద్రానికి ఎవడొస్తాడు? కత్తి పట్టినందుకే పోయిందని ఉండనీ. ఆ నింద నీ పెళ్ళాం పడుతుందిలే."

"సరే," అన్నాడు.

నిజం తెలియక నన్నంటే ఓర్చుకున్నాను. తెలిసీ నన్నే దోషిని చేస్తే ఎలా ఉండను? వచ్చే ఆదివారం పొద్దున్న రైలుకి వస్తున్నాను. నీ మరిది నా వెనకే వస్తే అన్నం పెట్టు. వాళ్ళమ్మ మాట మోసుకొస్తే మాత్రం తలుపు తియ్యకు.

నీ చెల్లి,
బీ-లియెన్