నూతి దగ్గర విరగని మడమ

ఏమండీ,

అన్నం, పులుసు మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. కట్టు వేసిన కాలు దిండు మీంచి దించకండి. ఎక్స్‌రే పెద్ద డాక్టరుగారికి చూపించడానికి అమలాపురం వెళ్తున్నాను.

నూతి దగ్గర జారి కాలు బెణికిందన్నారు కదా. నిన్న మిమ్మల్ని రిక్షా ఎక్కించాక మన డాక్టరుగారు నన్ను వెనక్కి పిలిచారు.

“జారితే చీలమండ మెలిపడుతుందమ్మా. బయటి బుడిపె కింద నరాలు సాగి వాస్తుంది. ఈయనకి చీలమండ బాగానే ఉంది, పగిలింది మడమ ఎముక. ఎత్తునుంచి పడి ఒళ్ళు బరువంతా దానిమీద ఆనితేగానీ ఇలా పగలదు. ఎక్కడినుంచి పడ్డేరు?”

“ఆయ్, కనుక్కుంటానండి” అన్నాను. తలెత్తలేకపోయాను.

ఇంటికొచ్చి మీ పంచె జాడిస్తే పెంకు ముక్కలు రాలాయి. మనది డాబా ఇల్లు. మొన్న తుఫానుకి పెంకులు లేచిపోయింది మీ అన్నయ్యగారింటికి. వాళ్ళతో మాటలు మానేసింది నేనని నా దగ్గర దాచారా? ఎన్నాళ్ళనుంచి వెళ్తున్నారు? నేను వచ్చేసరికి ఇంకో కథ అల్లకుండా నిజం చెప్పండి.

— అనసూయ

వెళ్తే వెళ్ళారు. నాతో ఒక్క మాటంటే, నేనూ వచ్చి నిచ్చెన పట్టుకునేదాన్ని.