వా పెడల్ మింగేసిన బేస్

ఆకెన్, శనివారం రాత్రి

ఛీ! కాలితో తొక్కితే గిటార్ చేత ‘వా వా’ అనిపించే ఆ వా పెడల్‌ని చూస్తేనే ఒళ్లు మండుతోంది. మామూలు గిటార్‌కి చేసినదని తెలిసే నా బేస్ గిటార్‌కి కొన్నాను. ఇక్కడ జర్మనీలో రూహెత్సైట్‌లో, అంటే చప్పుడు చేయకూడని వేళల్లో, చిన్న శబ్దమైనా కింది ఫ్లాట్ ఆవిడ తలుపు కొడుతుంది, అందుకే ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లోనే వాయించి చూసుకున్నాను. తొక్కితే తీగ నోరు తెరిచి మాట్లాడినట్టే ఉండేది.

ఈ సాయంత్రం రిహార్సల్‌లో డ్రమ్స్ మధ్య తొక్కాను. బేస్‌లోని బరువంతా ఎగిరిపోయింది, జలుబు చేసిన దోమ గోల మిగిలింది. బేస్ ఏదిరా అని ఎవరైనా అడుగుతారని చూశాను. ఒక్కరూ తల తిప్పలేదు. పాట అయ్యాక మా సింగర్ శ్రావ్య మురిసిపోతూ వచ్చింది.

“అన్నా, ఇయ్యాల మస్తు కొట్టినవ్! నా గొంతు ఎంత సాఫ్‌గ వినబడ్డదో!”

డ్రమ్స్ సందీప్ కూడా తలూపాడు. “అవ్ బ్రో, ఇయ్యాలే మంచిగ కుదిరింది.”

అసహ్యం వేసింది, పెడల్ మీద కాదు. వేళ్లు కాయలు కాసేలా ఇన్నాళ్లు వాయించింది వీళ్లకి అడ్డమేనా? దాన్ని సోమవారమే వాపసు ఇచ్చేద్దామనుకుంటూ ఇల్లు చేరేసరికి శ్రావ్య మెసేజ్.

“దీపావళి ప్రోగ్రామ్‌కి గా పెడల్ మర్వకు అన్నా, ప్లీజ్.”

కింది ఫ్లాట్ ఆవిడ కూడా నా బేస్ నోరు ఇంత ముద్దుగా మూయించలేదు.