ముప్పైలు లేని లెక్క

ప్రియమైన అక్కకు,

ఆరేళ్లుగా వేరేవాళ్ల సినిమాలకు క్లాప్ బోర్డు కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాశాయి. ఇన్నాళ్లకు నా సొంత సినిమాకు దారి కనిపిస్తోంది. చిన్న సినిమాలు తీసేవాళ్లకు కెమెరా, మనుషులు సమకూర్చే సంస్థ ఒకటి దరఖాస్తులు అడిగింది. మీ నేపథ్యం, మీ ఆశయం ఒక్క పేజీలో రాయండి అన్నారు. నేను ఇలా మొదలుపెట్టాను:

"మా నాన్న ఫోటోగ్రాఫర్. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద ఆయన కాగితాన్ని మందునీళ్లలో ముంచితే, నేను అరవై దాకా లెక్కపెట్టేదాన్ని. ఇరవై తొమ్మిది తర్వాత నలభై అనేసేదాన్ని. నాకు ముప్పైలు రావు. ఫోటో పది సెకన్లు ముందే బయటికొచ్చేది. అందుకే మా స్టూడియోలో దిగినవాళ్లంతా ఒక చాయ తెల్లగా పడి, మళ్లీ మళ్లీ మా దగ్గరికే వచ్చేవారు."

ఎంపికైతే సినిమా ఆ గదిలోనే తీయాలి. తాళం నీ దగ్గరే ఉంది. ఇస్తావు కదూ?

నీ ముద్దుల చెల్లి,
బుల్లి

*

డైరెక్టరమ్మగారికి,

ఇవ్వను.

ఆ గదిలో లెక్కపెట్టింది నేను. ముప్పైలు మింగింది నేను. నువ్వు ఒక్కరోజైనా ఆ గడప దాటావా? మందుల ఘాటుకు దగ్గు వస్తుందని నాన్న నిన్ను రానిచ్చేవాడే కాదు. నా బొమ్మలు, నా గౌన్లు అన్నీ నీకే వచ్చాయి. చివరికి నా తప్పు కూడా నీకే కావాల్సి వచ్చిందా?

సినిమా తీస్తానని ఇంట్లో మొదట అన్నది ఎవరు? నాన్న మంచాన పడితే చదువు మానేసి షాపులో కూర్చున్నది ఎవరు? పదహారేళ్లుగా ఎవరెవరివో పెళ్లి వీడియోలు కత్తిరించి అతుకుతున్నాను. మొన్న ఒక పెళ్లికూతురు వీడియో అంతా చూసి, "మా అత్తగారు కనిపించకుండా చెయ్యగలరా?" అంది. నా కళ అంతదాకా వచ్చింది.

కుళ్లా అంటే కుళ్లే. ఇంకో పేరెందుకు? నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ముద్ద దిగడం లేదు.

నీ అక్క
(ముద్దుల అని రాయబుద్ధి కాలేదు.)

*

అక్కా,

నెల ఆగి రాస్తున్నాను. ఆ పేజీ పంపలేదు, చింపేశాను. మరొకటి రాసి పంపితే ఎంపికైంది. అందులో రాసింది ఇదీ.

నువ్వూ నాన్నా లోపలుంటే నేను తలుపు బయట నేలమీద కూర్చునేదాన్ని. కింద సందులో ఎర్రగా ఒక గీత కనపడేది. లోపల్నుంచి నీ గొంతు. నీతోపాటు నేనూ పెదాలు కదిపేదాన్ని. నేను అంకెలు నేర్చుకున్నది అక్కడే. బడిలో మొదటిసారి వంద దాకా చెప్పమంటే ఇరవై తొమ్మిది, నలభై అన్నాను. టీచరమ్మ బెంచీ ఎక్కించింది. "ఎవరే నీకు నేర్పింది?" అని ఎంత అడిగినా నీ పేరు చెప్పలేదు.

నీ మీద నాకెంత కుళ్లో నీకు తెలీదు. నాన్న నిన్ను పిలిచి తలుపేసినప్పుడల్లా నీకూ దగ్గు రావాలని మనసులో మొక్కుకునేదాన్ని. మొదటి పేజీలో నీ చోట్లోకి దూరింది ఆ పిల్లే. తప్పే, ఒప్పుకుంటున్నాను.

సినిమా బయట కూర్చున్న పిల్లది. లోపలి గొంతు నీదే కావాలి. తాళం ఇవ్వకపోతే ఆ గీత లేదు, ఆ గీత లేకపోతే సినిమా లేదు.

బుల్లి

*

ప్రియమైన బుల్లీ,

ఇవాళ మధ్యాహ్నం షట్టరు సగం దించి డార్క్‌రూమ్ తాళం తీశాను. స్విచ్ వేస్తే ఎర్ర బల్బు ఇంకా వెలుగుతోంది. అలవాటుగా లోపల నిలబడబోయి, ఆగి, తలుపు బయటినుంచి లాగి నేలమీద కూలబడ్డాను. మోకాళ్లు నిన్ను తిట్టాయి.

బయట ఏమీ లేదు కదే! ఆ గీత తప్ప ఏమీ కనపడదు. నాకు గదంతా ఉండి పెళ్లి వీడియోలు మిగిలాయి. నీకు వేలెడు వెలుగు దొరికితే సినిమా చేస్తున్నావు. కుళ్లు తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

లెక్క రికార్డు చేసి పంపుతున్నాను. ఈసారైనా సరిగ్గా చెబుదామని మూడుసార్లు చూశాను. ఇరవై తొమ్మిది కాగానే నోరు దానంతటదే నలభైలోకి దూకింది.

తాళం ఈ కవర్లోనే ఉంది. ఒక్కటే షరతు. మందునీళ్ల తొట్టి పక్కన ఇంకో పిల్ల నిలబడేంత చోటుంది, కొలిచి చూశాను. సినిమా చివర్లో ఆ పిల్లని లోపలికి పిలువు.

దగ్గితే దగ్గనీ.

నీ ముద్దుల అక్క